కుట్లు మానేలోపు

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పి సర్జన్ వెళ్లిపోయాక బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుందో చూద్దామని, కోస్తాలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో పిల్లల సర్జరీ వార్డుకు వెళ్లాను. పిల్లలనూ తల్లులనూ గుర్తుపట్టే వివరమేదీ రాయొద్దని హెడ్ నర్స్ ముందే చెప్పారు. న్యాయమైన మాట. అందుకే ఇందులో ఊరి పేరూ, మనుషుల పేర్లూ లేవు.

ఉదయం ఎనిమిది కావస్తోంది. రాత్రి డ్యూటీ సిస్టర్ పగటి సిస్టర్‌కు వార్డు అప్పగిస్తూ ఒక్కో మంచం దగ్గరా ఆగుతోంది. "మూడో బెడ్డు. హెర్నియా, నిన్న చేశారు. జ్వరం లేదు. మూత్రం రెండుసార్లు పోశాడు. కట్టు పొడిగానే ఉంది. అర్ధరాత్రి లేచి నాన్నమ్మ కావాలని ఒకటే ఏడుపు. ఫోన్లో మాట్లాడించాం, పడుకున్నాడు." పగటి సిస్టర్ జ్వరం, మూత్రం, కట్టు రాసుకుని, ఆ కిందే నాన్నమ్మ సంగతి కూడా రాసుకుంది. సాయంత్రం మళ్లీ ఆ ఏడుపు వస్తుందని ఆమెకు తెలుసు.

వార్డు గోడకు ఒక చార్టు వేలాడుతోంది. మాటలు రాని పసివాళ్ల నొప్పిని కొలిచేది. 1997లో అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన పద్ధతి. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకోవడం: ఈ అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పదికి. ఏడాదిన్నర పిల్లాడొకడు కాళ్లు పొట్టకేసి ముడుచుకుని, కనుబొమలు చిట్లించి, సన్నగా మూలుగుతున్నాడు. "అల్లరి చేయట్లేదండీ, బానే ఉన్నాడు" అంది తల్లి. సిస్టర్ వాణ్ని కాసేపు గమనించి ఆరు వేసింది. నొప్పితో ఒంట్లో శక్తి అయిపోయిన బిడ్డ గట్టిగా ఏడవలేడని, నిశ్శబ్దంగా పడి ఉన్న పిల్లల దగ్గరే ఎక్కువసేపు నిలబడాలని ఆమె తనతో ఉన్న నర్సింగ్ విద్యార్థినులకు చెప్పింది.

కాస్త పెద్ద పిల్లలకు ఆరు ముఖాల బొమ్మలున్న కార్డు చూపిస్తారు. నవ్వే ముఖంతో మొదలై కన్నీళ్ల ముఖంతో ముగుస్తుంది. నాలుగేళ్ల పాప నొప్పి లేదని గట్టిగా తల ఊపింది. ఉందంటే సూది వేస్తారని దాని భయం. కార్డు పెడితే మాత్రం వేలు తిన్నగా అయిదో బొమ్మ మీదికి వెళ్లింది. "సూది లేదు బంగారం, తియ్యటి మందే" అని సిస్టర్ సిరప్ కొలిచింది. పారాసెటమాల్ మోతాదు బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాములు. మొదటి రెండు రోజులూ గడియారం చూసి ఇస్తారు, ఏడుపు మొదలయ్యేదాకా ఆగరు.

పసివాళ్ల నొప్పిని ఇలా పట్టించుకోవడం ఇంత మామూలు విషయం కావడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది. 1980ల దాకా అప్పుడే పుట్టిన పసికందులకు నొప్పి అంతగా తెలియదని నమ్మి, చాలా చోట్ల నామమాత్రపు మత్తుతో ఆపరేషన్లు చేసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, నెలలు నిండని శిశువులకు సరైన మత్తు ఇస్తే వాళ్ల ఒంటి మీద పడే ఒత్తిడి, తర్వాత వచ్చే చిక్కులు తగ్గుతాయని 1987లో రుజువు చేశాడు. మన దేశంలో చదువుకున్న డాక్టరు చేసిన ఈ మేలు మన తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు?

అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయిన ఏడేళ్ల పిల్లాడు ఊపిరి కూడా భయంభయంగా తీస్తున్నాడు. పొట్ట నొప్పికి ఊపిరి బిగబడితే కఫం పేరుకుని న్యుమోనియా రావచ్చు. సిస్టర్ జేబులోంచి సబ్బు నురగ బుడగల సీసా తీసింది. తలగడ కుట్ల మీద అదిమి పట్టుకోమని, గట్టిగా ఊదమని చెప్పింది. మొదటి బుడగ పుల్ల దగ్గరే పగిలిపోయింది. నాలుగోదో అయిదోదో ఫ్యాను దాకా వెళ్లింది. పక్క మంచాల పిల్లలు లేచి కూర్చున్నారు. వాడు ఊదుతూనే దగ్గాడు, కఫం వచ్చింది. సిస్టర్‌కు కావలసిందదే.

కిటికీ పక్క మంచం మీద గ్రహణమొర్రి సరిచేసిన పసిబిడ్డ. మోచేతులు వంగకుండా, వేళ్లు పెదవి దాకా పోకుండా రెండు చేతులకూ గుడ్డ తొడుగులు వేశారు. నాలుక నొక్కి గొంతు చూసే చెక్క పుల్లలను గుడ్డలో వరసగా పెట్టి వార్డు ఆయమ్మే కుట్టింది. పాలు ఉగ్గుగిన్నెతో పడుతున్నారు. బిడ్డను నిటారుగా ఒళ్లో పెట్టుకోవాలి, గిన్నె ముక్కు కుట్లకు తగలకుండా నోటి చివర ఆనించాలి, కాసిన్ని పోసి గుటక పడేదాకా ఆగాలి. తర్వాత త్రేన్పు, ఆపై చెంచాడు కాచి చల్లార్చిన నీళ్లు. తల్లి చెయ్యి వణుకుతుంటే సిస్టర్ ఆ చెయ్యి పట్టుకుని పోయించింది.

అంతలో ఆ తల్లి ఏడుపు అందుకుంది. గ్రహణం నాడు బయటికి వచ్చినందుకే ఇలా అయిందని అత్తగారింట్లో రోజూ అంటున్నారట. సిస్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా. కడుపులో మొదటి మూడు నెలల్లో పెదవి కలవాలి, కొందరికి కలవదు. నీ తప్పేం లేదు. సాయంత్రం మీ ఆయన వస్తాడుగా, నాకు చూపించు, నేను చెప్తా." ఈ మాటలు కేస్ షీటులో ఎక్కవు. నా లెక్కలో ఆ పొద్దుట ఆ వార్డులో జరిగిన అతి ముఖ్యమైన చికిత్స ఇదే.

మలద్వారం లేకుండా పుట్టే పిల్లలు సుమారు 5,000 మందిలో ఒకరు ఉంటారు. చాలామందికి ముందు పొట్ట మీద దారి చేసి, కొన్ని నెలలకు మలద్వారం ఏర్పరచి, ఆ తర్వాత పొట్ట మీది దారి మూస్తారు. ఆ నెలలన్నీ బిడ్డను చూసుకోవలసింది తల్లే. ఒక తల్లి తన బిడ్డ పొట్ట మీది ఆ దారి దగ్గరి ఎర్రటి కండను తాకలేక మొహం తిప్పుకుంది. సిస్టర్ తొందర పెట్టలేదు. రెండో ఆపరేషన్‌కు వచ్చిన ఇంకో తల్లిని పిలుచుకొచ్చింది. "మొదట్లో నేనూ ఇంతే చెల్లీ" అంటూ ఆవిడ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, చుట్టూ పూత రాసి చూపించింది. సంచి దొరకని రోజున మెత్తటి పాత నూలు చీర ముక్క ఎలా మడిచి కట్టాలో కూడా చెప్పింది. కండ నల్లబడితే ఆ క్షణమే బయల్దేరి రమ్మని సిస్టర్ మూడుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకుంది. బిడ్డ తల్లి పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని తెలిసి ముందు ఇడ్లీ తెప్పించింది.

తల్లి ఇలా పక్కన ఉండే వీలు అన్నిచోట్లా ఉండేది కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఆసుపత్రిలో పిల్లల్ని చూడడానికి తల్లిదండ్రులకు గంటల లెక్కన అనుమతి ఉండేది. 1959లో, ఆసుపత్రిలోని పిల్లల బాగోగులపై వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాకే తలుపులు తెరుచుకోవడం మొదలైంది. మన వార్డుల్లో తల్లి ఎప్పుడూ పక్కనే ఉంది. అయితే ఆమెకు పడుకోవడానికి మంచం లేదు, స్నానానికి సరైన చోటు లేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆపరేషన్ ఉచితమే. పోగొట్టుకున్న కూలి మాత్రం ఆ ఇంటికి భారమే.

బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఇక్కడ రాత్రి డ్యూటీలో ముప్పై మంది పిల్లలకు ఇద్దరే. బుడగలు ఊదించడం, తల్లి పక్కన కూర్చోవడం తీరిక ఉంటే చేసే పనులు కావు, వైద్యంలో భాగం. వాటికి మనుషులు కావాలి. ఖాళీలు నింపకుండా కొత్త భవనాలు కట్టడం ఈ పిల్లలకు అన్యాయం.

వచ్చేముందు, చదివేవాళ్లకు ఏమైనా చెప్పమంటారా అని హెడ్ నర్స్‌ను అడిగాను. ఆమె కోరింది ఒక్కటే. పిల్లలు అన్నం తినకపోతేనో, అల్లరి చేస్తేనో "నర్సమ్మతో సూది వేయిస్తా" అని బెదిరించకండి. అలా పెరిగిన బిడ్డ ఆసుపత్రికి వస్తే, నొప్పి ఎక్కడో చెప్పించడానికే నర్సులకు రెండు రోజులు పడుతోంది.