పచ్చతీగ

పొదుపు మా యింట వంశపారంపర్యముగా వచ్చిన గుణము. మా తాతగారు జాబులు వచ్చిన కవరులను విప్పి, వాని లోపలితట్టున ఇంటిలెక్కలు వ్రాసికొనెడివారు. మేమును తెగిన చెప్పునకు కుట్టు, చిల్లిపడిన బకెట్టునకు మాటు, విరిగిన గొడుగునకు కమ్మి మాచేతులతోనే వేసికొనుచు, అందులకు కొంత గర్వపడుచుండెడివారము. స్వహస్తముతో పనిచేసికొనుట తప్పని మే మిప్పటికిని అనము. కాని యా గర్వము మాచేత చేయించిన యొక పనిని చదువరులకు దాచక చెప్పవలసియున్నది. అట్టి పని మఱికొన్ని యిండ్లలోకూడ జరుగుచుండునని మా యనుమానము.

2022వ సంవత్సరపు వేసవిలో, రాజమహేంద్రవరమునందలి మా పాతయింటి పడమటిగదిలో పంఖా నీరసించినది. మీట నొక్కినను రెక్కలు కదలవు. కఱ్ఱతో నొకసారి త్రోసినగాని తిరుగుటకు మొదలుపెట్టవు. మరమ్మతుచేయువాడు రెండుదినములవఱకు రాలేనన్నాడు. అంతట మేమే పూనుకొంటిమి. పంఖామోటారు మొదట కదలుటకు తోడ్పడునది దాని కండెన్సరు. అది బలహీనపడెనేని, మోటారు బాగుగనే యున్నను పంఖా మందగించును. పాతదానిపై 2.5 మైక్రోఫారడులని అచ్చువేసియుండెను. అదే కొలతది, అన్నివోల్టులకే తగినది, నూఱురూపాయలలోపున తెచ్చి తగిలించితిమి. గోడమీది మీట కట్టివేసిన చాలదు, మెయినే కట్టివేయవలెను. అప్పటికిని కండెన్సరు కొంతసేపు విద్యుత్తును తనలో నిలుపుకొనియుండును గావున దాని తీగకొనలను తాకరాదు. ఈ జాగ్రత్తలన్నియు తీసికొంటిమి. పంఖా గిఱ్ఱున తిరిగినది. దానితోపాటు మా తలయు కొంచెము తిరిగినదని తరువాత తెలిసికొంటిమి.

పిమ్మట మా దృష్టి పిండిరుబ్బు గ్రైండరుపై పడెను. వంటయింట చోటుచాలక దానిని పెరటివసారాలోనికి మార్చవలసివచ్చెను. అచ్చటి పాతసాకెట్టునకు రెండే రంధ్రములు. గ్రైండరు ప్లగ్గునకు మూడు కొమ్ములు. క్రొత్తసాకెట్టు పెట్టించి తీగ లాగించుటకు వ్యయమగును. అటకమీద రెండుకొమ్ముల ప్లగ్గొకటి ఊరకే పడియుండెను. దానిని తగిలించి, మిగిలిపోయిన పచ్చతీగను కత్తెరతో కత్తిరించి, కొనకు పట్టీ చుట్టితిమి. ఎఱ్ఱతీగయు నల్లతీగయు ఉన్నవి, యంత్రము నడచుచున్నది. ఇక పచ్చతీగతో పనియేమి? పొదుపుచేసితిమని సంతోషించితిమి.

కొన్నినెలలకు మా యింటావిడ, "గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందండీ" అనెను. మేము పోయి తాకిచూచితిమి. కాళ్లకు రబ్బరుచెప్పు లుండుటచే మాకేమియు తెలియలేదు. "నీ భ్రమ" అంటిమి. ఆమె వాదింపలేదు. ఒక చెక్కపీట తెచ్చుకొని, దానిపై నిలిచి రుబ్బుకొన నారంభించెను. మా యింట పనిచేయు నామెయు ఒకనాడు, "అయ్యగారూ, ఈ మిషను కరుస్తోందండి" అని చెప్పెను. తడిచేతులతో ముట్టవద్దంటిమి. రుబ్బుడుపని పొడిచేతులతో నెట్లు చేయవచ్చునో మాత్రము చెప్పలేకపోతిమి.

2023వ సంవత్సరము వానకాలమున నొక యుదయము ఆమె గ్రైండరును తడిగుడ్డతో తుడుచుచుండగా పెద్దకేక వినవచ్చెను. మేము పరుగెత్తునప్పటికి ఆమె వసారాలో పడియున్నది. విద్యుత్తు ఆమెను పట్టుకొనక విసరివేయుటయే ప్రాణమును దక్కించినది. మోచేయి గట్టునకు కొట్టుకొని నెత్తురు కాఱుచుండెను. వైద్యుని యొద్దకు తీసికొనిపోయితిమి. గుండెకు ఈసీజీ తీసి, భయములేదని చెప్పిరి. దారిలో మా యింటావిడ మాతో నొక్కమాటయు పలుకలేదు.

ఆ మధ్యాహ్నము వచ్చిన ఎలక్ట్రీషియను టెస్టరును గ్రైండరు ఇనుపతొడుగునకు తాకించెను. అది వెలిగెను. లోపలి మోటారు చుట్లలోనికి పిండినీరు దిగి తేమపట్టినదట. విద్యుత్తు కొంచెముకొంచెముగా తొడుగునకు కారుచున్నదట. పచ్చతీగ యుండినయెడల ఆ కారినది నేలలోనికి పోయెడిది. అది లేదు గావున, తడినేలపై వట్టికాళ్లతో నిలిచినవారి శరీరమే దానికి దారి యైనది. ఫ్యూజు ఏల పోలేదని మే మడిగితిమి. మన ఫ్యూజులు ఆంపియరులలెక్కను తీగలను కాపాడునవి. మనిషి గుండె నాపుటకు ఆంపియరులో వెయ్యవభాగములు కొన్ని పదులు చాలును. అంతటి స్వల్పమునకు ఫ్యూజు కరగదు. మూడుకొమ్ముల ప్లగ్గులో పైకొమ్ము తక్కినవానికంటె పొడవుగ నుండుటకు కారణముకూడ నాడే వింటిమి: పెట్టునప్పుడు అది ముందు తగులవలెను, తీయునప్పుడు అది కడపట విడువవలెను. ఇన్నేండ్లుగా ఆ కొమ్మును చూచుచును ఈ ప్రశ్న మాకు తోచలేదు.

అంతటితో తీరలేదు. పెరటిలో గచ్చు వేయించునప్పుడు పాత ఎర్తుగుంటను పూడ్పించినవారమును మేమే. బొగ్గును ఉప్పును నింపి గొట్టము పాతిన ఆ గుంటకు నీరందక లోపల మన్ను ఎండిపోయినది. ఎండినమన్ను విద్యుత్తును సరిగా తీసికొనదు. అనగా మే మా తీగను కత్తిరింపకున్నను అది యంతగా ఉపయోగపడియుండదు. గచ్చు పగులగొట్టించి, రెండున్నర మీటర్ల గొట్టముతో క్రొత్తగుంట తీయించితిమి. మెయినునొద్ద, 30 మిల్లీయాంపియరులు దారితప్పినచో రెప్పపాటున సరఫరాను త్రెంచివేయు ఆర్‌సీసీబీ యను మీటను పెట్టించితిమి. మిగిల్చినది ఒక సాకెట్టు వెల. అయిన వ్యయము దానికెన్నియో రెట్లు. వైద్యపు ఖర్చును పనిమాలిన దినముల జీతమును ఇచ్చితిమి. ఇచ్చితిమని చెప్పుకొనుటకును సిగ్గగుచున్నది.

ఆమె మరల పనికి వచ్చినదినమున, ఆ యుదయము పీటపై నేల నిలువలేదని అడిగితిమి. పీట ఎదుటనే గోడకానించి యుండెను. ఆమె వింతగా చూచి, "అది అమ్మగారి పీట కదండీ. నే నెలా ఎక్కుతానండి?" అనెను. సమానత్వమునుగూర్చి సభలలో గంటలకొలది మాటాడిన నోరు మాది. దానికి బదులుచెప్పలేకపోతిమి. ఎక్కవలదని మే మెన్నడును అనలేదు, ఎక్కుమనియు అనలేదు.

ఇప్పుడు నెల మొదటితేదీని ఆర్‌సీసీబీపై నుండు పరీక్షమీటను ఆమెయే నొక్కుచున్నది. నొక్కగనే యింట దీపములన్నియు ఆరిపోవలెను. ఆరకున్నచో అది చెడినదని యర్థము. వేసవిలో ఎర్తుగుంటలో బిందెడు నీరు పోయుట మా యింటావిడ పని. ప్లగ్గు విప్పి తీగలు బిగించుట యిరువురును నేర్చుకొనిరి. మే మిప్పుడు వారి నడిగి మరీ చేయిపెట్టుచున్నాము. వసారాలో రబ్బరుచాప పఱపించితిమి. దానిపై నిరువురును నిలిచి రుబ్బుదురు. పీట మాత్రము గోడకానియే యున్నది. ఊడ్చునప్పుడు ఆమె దానిని తాకక చుట్టివచ్చి యూడ్చును.