పొరుగువారి సెలవు

ఇల్లు మారడమనగానే మనకు మూడు పనులు గుర్తుకొస్తాయి. సామాను మూటలు కట్టడం, లారీ మాట్లాడడం, అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించుకోవడం. ఈ మూడింటికీ ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఆ లారీ ఎక్కడ నిలబడుతుంది? ఎవరి వాకిటి ముందు, ఎంతసేపు, ఎవరి సెలవుతో? దీనిని గూర్చి ఆలోచించేవారు తక్కువ. ఇది చిన్న సంగతే. కాని విశ్వాసి సాక్ష్యము పొరుగువారికి ఇటువంటి చిన్న సంగతులలోనే కనబడుతుంది.

మా గోదావరిఖని ఇల్లు మారి వచ్చినవారి ఊరు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకము మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు వచ్చింది. 1960ల తొలినాళ్లలో గోదావరి ఒడ్డున ఇక్కడ గనులు తెరచినప్పుడు ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి నుండి కార్మికులు పెట్టె బేడా సర్దుకొని వచ్చారు. చుట్టుపక్కల పల్లెల నుండి, ఇతర రాష్ట్రాల నుండి కూడ వచ్చారు. ఇప్పుడు పాత భూగర్భ గనులు మూతబడుతుంటే కొందరు భూపాలపల్లికి, మణుగూరుకు, శ్రీరాంపూరుకు బదిలీ మీద వెళ్తున్నారు. ఓపెన్‌కాస్టు గనుల కొరకు ఊళ్లకు ఊళ్లే కదిలిపోయాయి. ఉద్యోగ విరమణ పొందినవారు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి అప్పగించాలి. కాబట్టి ఏ నెలలో చూసినా ఏదో ఒక గల్లీలో సామాను లారీ నిలబడే ఉంటుంది.

కార్మికుల క్వార్టర్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. వరుసకూ వరుసకూ మధ్య ఉన్న గల్లీలోనికి ఏండ్లు గడిచేకొద్దీ ఒకరు మల్లెపందిరి జరిపారు, ఇంకొకరు కోళ్లగూడు కట్టారు, మరొకరు బండి పెట్టుకోను రేకులు వేశారు. ఆ గల్లీలోనికి లారీ వస్తే పక్కనుండి సైకిలు కూడ పోదు. సామాను ఎక్కించడానికి ఎంత లేదన్నా మూడు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపు ఆ వరుసలోని ఇళ్లన్నిటికీ దారి మూసుకొన్నట్లే.

నేను భూగర్భ గనిలో హాలర్ నడిపినవాడిని. ఇనుప తాడుకు కట్టిన టబ్బులు ఏటవాలు దారిలో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. హాలర్ దగ్గర కూర్చున్నవానికి ఆ దారి అంతా కనబడదు. దారిలో మనిషి ఉన్నాడో, టబ్బు పట్టాలు తప్పి పడి ఉందో తెలియదు. అందుచేత కిందనుండి సిగ్నల్ గంట రానిదే తాడు కదిలించకూడదు. ఆగుమని గంట వస్తే, ఎందుకని అడగకుండా ఆపవలసినదే. ఇల్లు మారే రోజున కూడ ఇంతే. మన వాకిట్లో నిలబడి చూస్తే పొరుగింటి లోపల ఏమున్నదో మనకు కనబడదు. వారి వైపునుండి గంట రావాలి.

2022 నవంబరులో మా క్వార్టర్ ఖాళీ చేసి మంథని వైపు ఉన్న మా ఊరికి వెళ్లవలసి వచ్చింది. శుక్రవారం ఉదయము లారీ పెట్టుకొందామని అనుకొన్నాము. నా భార్య, "లారీకి అడ్వాన్సు ఇచ్చే ముందట గల్లీల ఒక మాట అడిగొద్దాం పాండ్రి" అన్నది. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఇద్దరమూ ఇల్లిల్లూ తిరిగాము.

మొదటి ఇంటిలో ఉన్న పిల్లవాడికి ఆ వారము రాత్రి షిఫ్టు. "మామా, నేను పొద్దుగాల వచ్చి పండుకుంట. లారీ ఏడనన్న పెట్టుకోండ్రి గని, బీరువా నా గోడకు తాకియ్యకుండ్రి, దిగ్గున లేస్త" అని నవ్వాడు.

రెండవ ఇంటి అక్క మాత్రము మేము చెప్పినది విని గోడమీది క్యాలెండరు వైపు చూసి ఊరుకొన్నది. నా భార్య మళ్లీ మళ్లీ అడిగితే చెప్పింది. "మంగళారం, శుక్కురారం ఆయనకు డయాలసిస్ ఉంటది వదినే. పొద్దున ఆరున్నరకు ఆటో వాకిట్లకే రావాలె. నాలుగడుగులు ఏస్తే ఆయాసమొస్తది."

"మరి ముందే చెప్పొద్దా?" అని నా భార్య అడిగింది.

"పోయేటోళ్లకు అడ్డం చెప్పుడెందుకు అనుకున్న. ఆ ఒక్కనాడు ఎట్లనో పెద్దరోడ్డు దాక పట్టుకొని నడిపిస్తుంటి" అన్నది.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉన్నది. అడ్డం చెప్పే హక్కు ఉన్నవారే చాలాసార్లు నోరు విప్పరు. రోగి ఉన్న ఇల్లు, ముసలివారున్న ఇల్లు, మగదిక్కు లేని ఇల్లు అట్లా ఓర్చుకొని ఊరుకొంటాయి. వారు మాట్లాడలేదు గనుక వారికి ఇబ్బంది లేదని మనము అనుకొంటాము. అడిగితేనే గాని ఆ ఇంటి బరువు బయటికి రాదు. మేము లారీని శనివారానికి మార్చుకొన్నాము.

గల్లీ మూలన ఉన్న ఇంటాయన మాత్రము ఒప్పుకోలేదు. "మోరీ మీద బండలు మొన్ననే ఏయించిన. లారీ ఎక్కితే పగుల్తయి. నా ఇంటి ముందట పెట్టద్దు" అని ఖండితంగా చెప్పాడు. లారీ గల్లీలోనికి తిరగాలంటే ఆ బండల మీదుగానే తిరగాలి. మా పెద్దవాడికి కోపం వచ్చింది. "రోడ్డు కంపెనీది నాయినా, ఆయనదా? మనం పెడితే ఏం చేస్తడు?" అన్నాడు. నిజమే, రోడ్డు కంపెనీదే. కాని బండలకు పెట్టిన డబ్బు ఆయనది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము 20వ అధ్యాయము చదువుకొన్నాము. ఇశ్రాయేలీయులు కాదేషు నుండి ఎదోము రాజునొద్దకు దూతలను పంపి, అతని దేశము గుండా దాటిపోనిమ్మని అడిగారు. ఐగుప్తు నుండి బలమైన హస్తముతో విడిపింపబడిన జనము వారు. వాగ్దాన దేశానికి బయలుదేరినవారు. అయినప్పటికిని సెలవు అడిగారు. పొలములోనికి గాని ద్రాక్షతోటలోనికి గాని రామని, రాజమార్గము విడిచి అటూ ఇటూ తిరగమని, తమ పశువులు నీళ్లు త్రాగితే వెల ఇస్తామని మాట ఇచ్చారు. ఎదోము వద్దన్నాడు. ఇశ్రాయేలీయులు అతనితో యుద్ధము చేయలేదు, అతని యొద్దనుండి తొలగిపోయారు. ఆ దేశములో అడుగు పట్టేంత నేలను కూడ మీకియ్యను, వారితో కలహపడవద్దు అని దేవుడే వారికి ఆజ్ఞాపించినట్లు ద్వితీయోపదేశకాండము 2వ అధ్యాయములో ఉన్నది.

అడగడమంటే ఇదే. అవునంటే వెళ్లడము, కాదంటే చుట్టు తిరిగి వెళ్లడము. కాదంటే బలవంతంగా వెళ్దామని ముందే నిశ్చయించుకొన్నవాడు నిజముగా అడిగినట్లు కాదు.

మేము లారీని గల్లీ చివర పెద్దరోడ్డు మీదనే నిలపడానికి నిర్ణయించుకొన్నాము. అక్కడనైతే ఎవరినీ అడగనక్కరలేదని తలంచరాదు. ఇతరులకు ప్రమాదము, ఆటంకము కలిగేటట్లు బహిరంగ స్థలములో బండి నిలపకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టము 122వ సెక్షను చెబుతుంది. నేను వెళ్లి అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసాయనతో మాట్లాడాను. బడి పిల్లల బస్సులు మొదలు కాకముందే లారీ తీయాలని, రోడ్డు మలుపునకు దూరంగా ఒక పక్కగా పెట్టాలని ఆయన చెప్పారు. శనివారము ఇంకా తెల్లవారకముందే పని మొదలుపెట్టాము. తోపుడుబండి మీద బీరువా, మంచాలు, గంగాళము, కూలర్ ఒక్కొక్కటిగా పెద్దరోడ్డుకు చేర్చాము. హమాలీలు దూరమెక్కువైందని కొంత ఎక్కువ అడిగారు, ఇచ్చాము. ఇశ్రాయేలీయులు నీళ్లకు కూడ వెల ఇస్తామన్నారు గదా. పొరుగువాని బండలు పగలకుండా ఉండడానికి మేమిచ్చిన వెల అది.

మూలింటాయన చేతులు కట్టుకొని తన వాకిట్లో నిలబడి చివరి మూట పోయేదాకా చూశాడు. సాయం పట్టలేదు. బీరువా వచ్చినప్పుడు మాత్రము, "అద్దం జాగ్రత్త" అన్నాడు. మాకు అదే చాలు అనిపించింది.

అక్కడితో పని తీరలేదు. బయలుదేరిన చోట ఎంత జాగ్రత్త కావాలో, చేరే చోట కూడ అంతే కావాలి. ఇది పల్లెలలో ఉండే పాఠకులు బాగా ఎరిగిన సంగతి. నవంబరు వానాకాలపు పంట కోతల కాలము. మా ఊరి రోడ్డు మీద సగము మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచుల వెంబడి రాళ్లు పేర్చి ఉన్నాయి. రోడ్ల మీద వడ్లు పోయవద్దని, రాత్రివేళ ప్రమాదాలు జరుగుతున్నాయని పోలీసులు ప్రతి ఏడూ చెబుతూనే ఉంటారు, ఆ మాట నిజము. అయితే కల్లము లేని రైతుకు వేరే చోటు లేదన్నది కూడ నిజము. ఒక చోట రోడ్డుకు అడ్డంగా ఈ చివరినుండి ఆ చివరిదాకా వడ్లే ఉన్నాయి. ఒక ముసలవ్వ కాళ్లతో చాళ్లు తీస్తున్నది. డ్రైవరు లారీని మెల్లగా పోనిస్తానన్నాడు. ముందు వెళ్తున్న మా తమ్ముడు వద్దని చెయ్యి ఎత్తి, ఆమె దగ్గరకు వెళ్లాడు. "అవ్వా, ఒక పక్కకు మేమే ఎత్తి, లారీ పోయినంక మళ్ల పరిచిపోతం, సరేనా?" అన్నాడు. "గింజ పోకుండ ఎత్తుండ్రి బిడ్డా" అన్నది. అందరమూ దిగి ఎత్తాము, మళ్లీ పరిచాము. ముప్పావు గంట పట్టింది. కొత్తగా కాపురముండవలసిన ఊరిలో మాకు మొదటి పరిచయము ఆ అవ్వతోనే.

ఈ మర్యాద మన ప్రాంతానికి మాత్రమే చెందినది కాదు. లండను నగరములో ఇల్లు మారేవారు సామాను బండికి చోటు కావాలంటే స్థానిక కౌన్సిలుకు ముందుగా దరఖాస్తు పెట్టి రుసుము కడతారు. ఫలానా రోజున ఇక్కడ బండ్లు నిలపరాదని ముందే అక్కడ నోటీసు పెడతారు. జర్మనీ పట్టణాలలో కూడ అట్టి బోర్డులు కొన్ని రోజుల ముందే నిలబెడతారు. జపానులో ఇల్లు మారేవారు పొరుగిళ్లకు వెళ్లి, చప్పుడుకు మన్నించండని చెప్పి, ఒక తువ్వాలో సబ్బో కానుకగా ఇచ్చే అలవాటు ఉన్నది. మన గల్లీలకు దరఖాస్తు ఫారము లేదు. గేటు, కాపలా ఉన్న టౌన్‌షిప్పులలో గేటుపాసు అడగవచ్చును గాని, కార్మికుల గల్లీలలో మనిషి నోటిమాటే పర్మిషను.

కనుక ఇల్లు మారబోయే కుటుంబాలకు నా మనవి ఇది. లారీకి బయానా ఇవ్వకముందే దాని పొడవెంతో, గల్లీ వెడల్పెంతో, ఎక్కడ తిరుగుతుందో చూసుకోండి. నాలుగు రోజుల ముందుగా రెండు వైపుల ఇళ్లకూ వెళ్లి, రోజు, గంట చెప్పండి. భార్యాభర్తలు కలిసి వెళ్లండి. ఆడవారు ఆడవారికి చెప్పుకొనే ఇబ్బంది మగవారి చెవిన పడదు. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఏ ఇంటిలో రోగి ఉన్నారో, ఎవరింట శుభకార్యమో అడగండి. "మీకు ఇబ్బంది లేదు గదా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. "ఆ వేళకు మీ ఇంటినుండి ఎవరైనా బయటికి పోయేది ఉందా?" అని అడగండి. పెద్దరోడ్డు మీదనైతే పోలీసులకు చెప్పండి. చేరే ఊరిలో ముందుగా ఒక మనిషిని పంపండి. వెళ్లేముందు తాళ్లముక్కలు, గడ్డి, కాగితాలు ఊడ్చి వెళ్లండి.

వెళ్లిపోయేవారికి ఇంత పట్టింపు దేనికని కొందరు అంటారు. మేము వచ్చిన నాలుగు నెలలకు, డయాలసిస్ చేయించుకొంటున్న ఆ అన్న కన్నుమూశాడని కబురు వచ్చింది. మట్టికి వెళ్లాము. నా భార్య ఆ అక్క చేయి పట్టుకొని చాలాసేపు పక్కనే కూర్చున్నది. మేము ఏ వాక్యమూ చెప్పలేదు. ఆమెనే, "మీ అయ్యగారిని ఒకపాలి తీసుకొచ్చి ప్రార్థన చేయించుండ్రి వదినే" అని అడిగింది.

నెహెమ్యా రాజునకు పానపాత్ర అందించేవాడు. రాజు దయ అతని మీద ఉన్నది. దేవుని హస్తము అతనికి తోడుగా ఉన్నది. అయినను నది యవతలి అధికారులు తన్ను దాటిపోనిచ్చునట్లు వారికి పత్రికలు కావాలని అతడు రాజును అడిగి తీసుకొన్నాడు (నెహెమ్యా 2:7). దేవుడు పంపాడు గనుక ఇక ఎవరినీ అడగనక్కరలేదని అనుకోలేదు. మనమందరము ఈ లోకములో ఒక గుడారమునుండి ఇంకొక గుడారమునకు సాగిపోయేవారమే. సాగిపోయే దారిలో పొరుగువాని వాకిలి మూయకుండ, సెలవు అడిగి, సమాధానముతో వెళ్లే మనస్సును ప్రభువు మన కుటుంబములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.