బంగారు వూరు, వెండి డబ్బా

అమెరికాలో కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్. అక్కడినుంచి కారులో పడమటి దారి పట్టామంటే అరగంట లోపే రాకీ పర్వతాల పాదాల దగ్గర గోల్డెన్ అనే చిన్న పట్టణం చేరుకుంటాం. వూరికి తూర్పున రెండు కొండలు కాపలాదారుల్లా నిలబడి వుంటాయి. ఎవరో కత్తితో కోసి చదును చేసినట్లు వుంటాయి వాటి తలలు. ఆ రెండింటి నడుమ క్లియర్ క్రీక్ అనే యేరు రాళ్ల మీద గలగల పారుతూ పోతుంది. ప్రధాన వీధికి అడ్డంగా కట్టిన తోరణం వచ్చినవారందరికీ స్వాగతం పలుకుతుంది.

1859లో బంగారం కోసం జనం వేలం వెర్రిగా ఎగబడి వచ్చిన రోజుల్లో వెలసిన వూరు యిది. అయినా ఆ పేరు బంగారం వల్ల వచ్చింది కాదు. తొలినాళ్లలో వచ్చి స్థిరపడిన టామ్ గోల్డెన్ అనే ఆసామి పేరే వూరికి నిలిచింది. ఈ వూరికి ప్రసిద్ధి తెచ్చిన లోహం కూడా బంగారం కాదు, అల్యూమినియం!

ఇక్కడి నీటి వూటలను మెచ్చి 1873లో అడాల్ఫ్ కూర్స్ అనే జర్మన్ వలసదారు, ఒక భాగస్వామితో కలిసి, బీరు కర్మాగారం పెట్టాడు. ఆయన మనుమడు బిల్ కూర్స్ రసాయన ఇంజనీరింగు చదివినవాడు. డబ్బా కథ ఆయనతో మొదలవుతుంది.

అమెరికాలో బీరును డబ్బాలో పోసి అమ్మడం 1935లోనే ఆరంభమయింది. అయితే అవి ఇనుప డబ్బాలు. అడుగు ఒక ముక్క, మూత ఒక ముక్క, చుట్టి అతికిన ఒళ్లు మరొక ముక్క. తాగాక వాటిని అడిగే నాథుడు లేడు. రోడ్ల పక్కనా, యేటి గట్లనా పారేస్తే అక్కడే తుప్పు పట్టేవి. 1959లో గోల్డెన్ నుంచి అతుకు లేని అల్యూమినియం డబ్బా బయటికి వచ్చింది. ఒళ్లూ అడుగూ కలిపి ఒకటే ముక్క, పైన మూత. దానితోపాటు కంపెనీ మరో మాట కూడా చెప్పింది: ఖాళీ డబ్బా తిరిగి తెచ్చి యిస్తే ఒక సెంటు చేతిలో పెడతామని! చెత్తకు వెల కట్టడమంటే యిదే.

ఈనాటి డబ్బా తయారీ చూస్తే మన కంచరి పని గుర్తుకు రాకమానదు. సుత్తి పని యంత్రం చేస్తుంది, అంతే తేడా. కాగితం చుట్టలా వచ్చిన అల్యూమినియం రేకు నుంచి ముందుగా గుండ్రని బిళ్లలు కత్తిరించి, లోతులేని గిన్నెలుగా నొక్కుతారు. ఆ గిన్నెను ఒక లోహపు కడ్డీ వరుసగా బిగువైన వలయాల గుండా తోస్తుంది. గోడలు సాగి పలచబడి, గిన్నె కాస్తా పొడుగాటి గ్లాసవుతుంది. ఒక్కొక్క యంత్రం నిమిషానికి వందల డబ్బాలు యిలా సాగదీస్తుంది. అంచు కత్తిరించి, కడిగి, ఆరబెట్టి, బయట బొమ్మలు అచ్చు వేస్తారు. పానీయంలోని పులుపు లోహాన్ని తినకుండా లోపల పలచని పూత చల్లుతారు. మెడను అంచెలంచెలుగా సన్నం చేస్తారు. మూత రేకు మందం గనుక, మూత చిన్నదైతే లోహం ఆదా.

గోడ మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే! ఖాళీ డబ్బాను పిల్లవాడు కూడా నలిపేయగలడు. నింపి మూత బిగిస్తే లోపలి వాయువు వొత్తిడే దానికి వెన్నెముక. అడుగున లోపలికి వంగిన గోపురం ఆ వొత్తిడిని కాస్తుంది.

మూత తెరిచే తంటా తీర్చినవాడు ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నివాసి ఎర్మల్ ఫ్రేజ్. ఆయన లాగే రింగుకు 1963లో పేటెంటు వచ్చింది. కాని లాగి పారేసిన రింగులు వేలాది పాదాలను కోశాయి. డబ్బాను వదలని రింగు 1975లో వచ్చాకనే ఆ బెడద తగ్గింది.

గోల్డెన్‌లో యిప్పటికీ డబ్బాలు తయారవుతున్నాయి. కూర్స్ కంపెనీ వారసులూ, బాల్ కంపెనీవారూ కలిసి నడిపే కర్మాగారం అది. అదే బాల్ కంపెనీకి మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనూ ఒక డబ్బాల కర్మాగారం వుంది.

పాత డబ్బాను కరిగిస్తే, ఖనిజం నుంచి కొత్త లోహం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. ఎన్నిసార్లు కరిగించినా లోహం చెడదు. బిల్ కూర్స్ 102 యేళ్లు బతికి 2018లో కన్నుమూశారు. మిషిగన్, ఓరెగన్ రాష్ట్రాల్లో ఖాళీ డబ్బాకు పది సెంట్ల డిపాజిట్టు చట్టం వుంది. సెంటు పద్ధతి పుట్టిన కొలరాడోలో మాత్రం అలాంటి చట్టం లేదు. 2023 లెక్క చూస్తే అమెరికా మొత్తం మీద కొలిమికి తిరిగి చేరిన డబ్బాలు సగం కూడా లేవు. మన వీధిలో గోనె సంచీ భుజాన వేసుకుని డబ్బాలు ఏరుకునేవాడికి వాటి ధర బాగా తెలుసు. తూకం వేయించి, ఆ డబ్బుతోనే ఆ పూట బియ్యం కొనుక్కుంటాడు.