ఎర లేని గాలం

కాలువ గట్టున పెరిగినవాళ్లకి గాలం వేయడం ఎవరైనా నేర్పాలా? వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక బెండు, కొక్కేనికి ఓ ఎర్ర... బెండు మునగ్గానే ఒక్క లాగు! కోనసీమ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఆ బ్యాంకు ఉద్యోగి కూడా అలాగే అనుకున్నాడు... పదకొండేళ్ల కూతుర్ని తీసుకుని హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకి వెళ్లేదాకా.

ఆ నదిలో ఉండేవి ట్రౌట్ చేపలు. బ్రిటిష్ వాళ్లు తమ సరదా కోసం తెచ్చి, కొండ ఏళ్లలో వదిలిన జాతి. నీళ్లు చల్లగా, స్వచ్ఛంగా ఉంటేనే బతుకుతాయి. ప్రవాహానికి ఎదురుగా, రాళ్ల చాటున నిలబడి కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటాయి. ఆ పురుగుని పోలినట్టే ఈకలూ, దారమూ చుట్టి కొక్కెం తయారుచేస్తారు. అదే ‘ఫ్లై’. దానికి బరువుండదు. దాన్ని మోసుకెళ్లేది లావుపాటి దారం బరువే.

చిక్కంతా అక్కడే. కర్రని వెనక్కి ఎత్తి ఒక్క క్షణం ఆగాలి. దారం వెనకాల పూర్తిగా విచ్చుకున్నాకే ముందుకి వేయాలి. ఆయన ఆగలేదు. దారం ఒకసారి పొదకి, ఒకసారి ఆయన టోపీకే చుట్టుకుంది. ‘బలం వద్దు సాబ్, ఆగండి’ అని గైడ్ మొత్తుకుంటూనే ఉన్నాడు. పాత అలవాటంటూ ఏదీ లేని కూతురు మాత్రం అరగంటలో పట్టేసింది.

విసరడం వస్తే సరిపోదు. ఫ్లై నీటితోపాటే సాగాలి. దారం లాగితే అది ఉత్త బొమ్మని ట్రౌట్‌కి తెలిసిపోతుంది.

మూడోరోజు పొద్దున కూతురికి జానెడు చేప పడింది. ఆయన ఫోన్ తీశాడు. మసాలా పెట్టి వేయిస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించేశాడు.

‘ఫొటో వద్దు నాన్నా, దానికి ఊపిరాడట్లేదు’ అంది పాప.

చేతులు తడుపుకొని పట్టుకోవాలి. పొడి చేతులైతే ఒంటిమీది జిగురు పోయి చేపకి రోగాలొస్తాయి. తల ప్రవాహంవైపు పెట్టి, అది తనంతట తాను కదిలేదాకా నీళ్లలోనే ఉంచాలి. ఇద్దరూ కలిసి వదిలారు. పట్టిన చేపని వదలడం ఆయనకి అదే మొదలు. తన చిన్ననాటి కాలువని పాపకి చూపిద్దామంటే అక్కడ గుర్రపుడెక్క తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే ఇంత దూరం తెచ్చాడు. చేప రాయి చాటుకి మాయమయ్యాక కూడా ఆయన చాలాసేపు లేవలేదు.

మీకూ నేర్చుకోవాలనుందా? మత్స్యశాఖ అనుమతి తప్పనిసరి. చలికాలం ట్రౌట్ గుడ్లు పెట్టే సమయం కాబట్టి అప్పుడు వేట నిషేధం. మొదటి పాఠానికి నది కూడా అక్కర్లేదు. కొక్కెం బదులు ఉన్ని ముక్క కట్టుకుంటే ఖాళీ మైదానం చాలు. ఆ తండ్రీకూతుళ్లు ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తున్నది అదే. ఆయన కర్ర ఎత్తగానే వెనక నుంచి కూతురు గుర్తుచేస్తుంది: ‘ఆగు నాన్నా!’