మార్కులు కాదు, తప్పులు చదువుదాం

కిరందుల్ మార్గంలోని గీదంలో మా సహోద్యోగి ఒకరు నివాసముంటున్నారు. వారి అమ్మాయి పదకొండవ తరగతి. అర్ధసంవత్సర పరీక్షలో రసాయనశాస్త్రం తప్పినది మొదలు, సైన్సు మానివేస్తానని పట్టుబట్టినది. ఒక ఆదివారం నన్ను పిలిపించారు.

"పాఠం నాలుగుసార్లు చదివాను అంకుల్" అన్నది. నిజమే, మోల్ నిర్వచనం తడుముకోకుండా చెప్పినది. కాని జవాబుపత్రం పరిశీలించగా, పోయిన మార్కులలో అధికభాగం ఒకే పొరపాటు వల్ల పోయినవని తేలినది. సమీకరణం సరిగా తుల్యం చేసి కూడా, లెక్కలో ఆ గుణకాలను విస్మరించినది.

మన బైలడిలా హెమటైటునే ప్రశ్నగా ఇచ్చాను. శుద్ధమైన 160 టన్నుల ఫెర్రిక్ ఆక్సైడు నుండి ఎంత ఇనుము వచ్చును? 56 టన్నులన్నది. "సమీకరణంలో ఇనుము ముందు ఏ అంకె ఉన్నదమ్మా?" అని మాత్రమే అడిగాను. తానే 112గా దిద్దుకొన్నది. తరువాత 80 శాతం ఆక్సైడు గల 200 టన్నుల ఖనిజం. అటుపిమ్మట కావలసిన కార్బన్ మోనాక్సైడు. ఇట్లు పది ప్రశ్నలు, అన్నీ ఆ తప్పు చుట్టూనే. మూడు రోజుల తరువాత పుస్తకం మూసి మరల చేయించగా ఏడు సరిపోయినవి. తప్పిన మూడింటికి మాత్రం కొత్త ప్రశ్నలు వ్రాశాను.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి గుర్తుకు వచ్చాడు. వాడు ఇదే శాస్త్రంలో తడబడినప్పుడు "మళ్ళీ చదువు" అని గద్దించానే గాని, ఎక్కడ జారుతున్నాడో ఒక్కనాడూ చూడలేదు. వాడు సైన్సు విడిచిపెట్టాడు. యంత్రం మొరాయిస్తే, లోపమెక్కడో చూడకుండా "మళ్ళీ నడుపు" అని మనలో ఎవరైనా అంటామా?

ఆ అమ్మాయి వార్షిక పరీక్షలో ఉత్తీర్ణురాలైనది, సైన్సులోనే ఉన్నది. మిత్రులారా, పిల్లల జవాబుపత్రం చేతికి వచ్చినప్పుడు మార్కుల కన్న ముందు తప్పులను చదువుదాం.