కూర్పుల పొందిక

క్రొత్తదెల్ల మేలు గాదు. ప్రాతదెల్ల కీడు గాదు. ఒకదానితో నొకటి పొసగిన భాగములే పనికి వచ్చును.

విద్యార్థుల మార్కులను తలిదండ్రులకు జూపు వెబ్ అప్లికేషను నొకదానిని మేము నిర్వహించుచుంటిమి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్కు 5వ కూర్పుతో నిర్మింపబడిన యది టామ్‌క్యాట్ 9 సర్వరులో చక్కగా నడచుచుండెను. ఫలితములు వెల్లడింపవలసిన వారముననే సర్వరు నిచ్చినవారు టామ్‌క్యాట్ 10ని నెలకొల్పిరి. సర్వరు లేచెను గాని, ఏ పుటను గోరినను 404 అను అంకె తప్ప వేరేమియు గానరాదయ్యెను. ప్రోగ్రాములో నొక్క యక్షరమైనను మారలేదు. తలిదండ్రులు మాత్రము ఫలితములకై యెదురుచూచుచుండిరి.

చిక్కు పేరులో నున్నది. ఆరకిల్ సంస్థవారు జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషను వారి కప్పగించినను, 'జావాక్స్' అను పేరును వారు స్వేచ్ఛగా వాడుకొనుటకు ఒప్పందము కుదరలేదు. అందుచే 2020లో వెలువడిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేరు 'జకార్తా' యయ్యెను. స్ప్రింగ్ 5 ప్రాతపేరున బిలుచును. టామ్‌క్యాట్ 10 క్రొత్తపేరునకే పలుకును. పిలుపు వినబడనిచో పని యెట్లు జరుగును?

దారులు రెండు: టామ్‌క్యాట్ 9కి మరలుట, లేదా జావా 17తో స్ప్రింగ్ 6నకు మారి, ప్రోగ్రాములోని పేర్లను సవరించుట. గడువు దలచి మొదటి దారిన ఫలితముల నందించి, సెలవులలో రెండవ దారి బట్టితిమి.

విద్యార్థులారా! సర్వరు చిట్టాను ముందుగా జదువుడు. ప్రతి భాగము యొక్క కూర్పు సంఖ్యను వ్రాసికొనుడు. ఒక్కమారు ఒక్కదానినే మార్చుడు.