కోతికొండల బండి

చెక్ స్వరకర్త పావెల్ హాస్ రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్ పేరు ‘కోతికొండల నుంచి’. అందులో కోతులేమీ లేవు. బొహీమియా, మొరేవియాల నడుమ ఉన్న ఎత్తు నేలకు బ్ర్నో ఊరివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది. హాస్ పుట్టింది ఆ బ్ర్నోలోనే. స్వరకర్త యానాచెక్ దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. 1925లో, 26 ఏళ్ళ వయసులో, ఆ కొండల్లో గడిపిన వేసవి సెలవులను రెండు వయొలిన్లకూ ఒక వయోలాకూ ఒక చెల్లోకూ అప్పగించాడు.

బాగా తెలిసిన చోటు మనకు ఎలా గుర్తుంటుంది? ఎక్కడ ఆయాసం వచ్చిందో, ఎక్కడ కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయో, అలా ఒంటికి గుర్తుంటుంది. ఈ కృతిని నడిపేది చలనమేనని హాస్ కూడా చెప్పుకున్నాడు. మొదటి భాగం పేరు ‘ప్రకృతి దృశ్యం’ అయినా అందులోనూ ముందు వినబడేది లయే.

రెండో భాగం ‘బండి, బండివాడు, గుర్రం’. నాకు ప్రాణం ఇదే. వాద్యాలు స్వరం మీద నిలవకుండా బరువుగా, వంకరగా జారతాయి. కర్ణాటక వయొలిన్‌లో జారు వింటూ పెరిగిన చెవికి జారడం కొత్త కాదు. అయితే మన జారు రాగభావం కోసం. ఇక్కడిది కందెన లేని ఇరుసు కోసం. బండి కిర్రుమంటుంది, మొరాయిస్తుంది, కాసేపటికి వేగం పుంజుకుంటుంది. ఆ గతుకుల్లో కూర్చుని వెళ్ళినవాడు తప్ప మరొకడు ఈ సంగీతం రాయలేడు.

‘చందమామా నేనూ’ అనే మూడో భాగంలో ఆ కుదుపంతా అణిగిపోతుంది. వెన్నెల్లో ఒంటరివాడు తనలో తాను అనుకునే మాట ఇది. దీనికి నలుగురు చాలు. పెద్ద ఆర్కెస్ట్రా అయితే ఆ మాట చెదిరిపోతుంది.

చివరిది ‘వెర్రి రాత్రి’. ఇక్కడ హాస్ క్వార్టెట్ మర్యాదలు పక్కనపెట్టి జాజ్ డ్రమ్స్ తెచ్చాడు. 1926లో బ్ర్నోలో తొలిసారి వాయించినప్పుడు విమర్శలు రావడంతో వాటిని తీసేశాడు. నాకు మాత్రం అవి ఉండాల్సిందే. తెల్లవార్లూ ఎవరూ పడుకోని సెలవు రాత్రికి ఆ మోత లేకపోతే ఎలా?

హాస్ యూదుడు. 1941లో నాజీలు ఆయన్ని తెరెజీన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. అది తెలిశాక ఈ కృతిలో విషాదం వెతకబుద్ధవుతుంది. కానీ రాసేనాటికి అందులో ఉన్నది తనకు తెలిసిన కొండల్లో ఒక కుర్రవాడు పడిన సంతోషం. దాన్ని సంతోషంగానే వినడం ఆయనకు మనం చేయగల న్యాయం. ఇప్పుడు కొన్ని బృందాలు డ్రమ్స్‌ను మళ్ళీ చేర్చుకుని వాయిస్తున్నాయి. వినదలచినవాళ్ళు అలాంటి రికార్డింగే వెతుక్కోవాలి.